సామి పేరు మీది టోకెన్లు

పోయిన వారం లోకేశ్వరిని బస్సెక్కించి వదిలేశాం. తిరుపతి నుంచి చిత్తూరు, అక్కడ దిగి ఇంకో బస్సు, ఆపైన బంగారుపాళ్యం. ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచీ, కళ్ళనిండా మూడు రోజులుగా తీరని నిద్ర. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా తల కిటికీకి కొట్టుకుంటున్నా పక్కకు జరగడానికి ఓపిక లేదు పాపం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. లోకేశ్వరికి నలభై రెండేళ్ళు. తిరుపతిలో విజయ్ కుమార్ నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదకొండేళ్ళుగా డేటాబేసులు చూసుకుంటోంది. డేటాబేసంటే భయపడకండి, గళ్ళు గీసిన పెద్ద పట్టికలు, అంతే. ఒక పట్టికలో రైతులు, ఇంకో పట్టికలో టోకెన్లు, ఏ టోకెన్ ఏ రైతుదో చెప్పే ముడి రెంటికీ మధ్య. ఆ పట్టికలుండే మిషను తిరుపతిలోనూ లేదు, బంగారుపాళ్యంలోనూ లేదు. ముంబైలో ఎక్కడో అద్దెకు తీసుకున్నది. దాన్నే క్లౌడ్ అంటారు. మిషను మబ్బుల్లో ఉంటే ఏం లాభం, కింద మనిషికి తిప్పలు తప్పాయా?

ఇక ఫ్యాక్టరీ సంగతి. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ అది. సీజన్లో రోజుకు మూడు నాలుగు వందల ట్రాక్టర్లు తోతాపురి కాయలతో వచ్చి పడతాయి. ఎవరు ఏ రోజు, ఏ వరుసలో కాయ దించాలో చెప్పేది టోకెన్. ఈ ఏడు ఆ టోకెన్ల మిషనుకు నత్తనడక పట్టుకుంది. గేటు దగ్గర ఒక్కో టోకెన్ చూడడానికి నలభై సెకన్లు. ట్రాక్టర్లు హైవే దాకా నిలబడిపోయాయి. ఇంకాస్త పెద్ద మిషన్ తీసుకుందామంటే విజయ్ కుమార్ వినలేదు. "ఉండేదాంతోనే సర్దు లోకేశ్వరీ, నిన్ను పెట్టుకునిందే దానికి గదా" అన్నాడు.

సర్దింది. రైతుల పట్టికలో ఎవరో పరీక్ష కోసం ఎక్కించిన ఉత్తుత్తి పేరు ఒకటి కనబడింది. ఆ ఒక్క పేరు కింద ముప్పై వేల టోకెన్లు! మామూలు రైతుకు పదో పదిహేనో ఉంటాయి. ఆ పేరు అడిగినప్పుడల్లా మిషను ముప్పై వేలూ తవ్వి పోస్తోంది, వెనకున్నవాళ్ళంతా ఆగిపోతున్నారు. మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ పదికి ఆ పేరును తీసి పారేసింది. నలభై సెకన్లు కాస్తా ఒక్క సెకను అయింది. ఆఫీసులో మైసూర్‌పాకు పంచారు. విజయ్ కుమార్ ఫోన్‌కు ఫ్యాక్టరీ నుంచి శభాష్ అని మెసేజ్ వచ్చింది. ఆయన ఫోన్‌కు మెసేజ్ వస్తే గుడిగంట మూడుసార్లు మోగుతుంది, ఆఫీసులో అందరికీ ఆ మోత అలవాటే. ఆ సంతోషంలో భార్యతో కలిసి కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాడు కూడా.

బుధవారం నుంచి మళ్ళీ ఫోన్లు. చీటీ చేతిలో ఉంది, మిషన్లో టోకెన్ లేదు. ఒకరిద్దరు కాదు, నాలుగు వందల పన్నెండు మంది. వాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా రైతుల పట్టికలో వెతికింది లోకేశ్వరి. ఒక్క పేరూ లేదు, ఎన్నడూ ఉన్న జాడా లేదు. అయితే గేటు గుమాస్తా చిన్నబ్బే దొంగ చీటీలు అచ్చేసి పంచాడని మేనేజరు మునిరామయ్య తేల్చేశాడు. 'మా సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు' అని రాసిన కాగితం ఒకటి తెచ్చి సంతకం పెడితే చాలు, మిగతాది పోలీసులు చూసుకుంటారన్నాడు. ఆ సంతకం కోసమే ఈ ప్రయాణం.

గురువారం పొద్దున పది దాటాక లోకేశ్వరి బంగారుపాళ్యంలో దిగింది.

ఫ్యాక్టరీ ఇంకా అర కిలోమీటరు ఉండగానే వాసన తగిలింది. పండు వాసన అంటే ఎవరికి చేదు? కానీ ఇది పండి దాటిపోయిన వాసన. రోడ్డు ఎడమ పక్కన ఒకటి వెనక ఒకటి ట్రాక్టర్లు, కాయల మీద వేపమండలు, తడి గోనెలు. ట్రాలీల కింద రసం కారి మట్టి జిగురు జిగురుగా ఉంది. ఈగలు. డ్రైవర్లు ట్రాలీల కింద పడుకున్నారు. కుడి పక్క ఇంకో వరుస మాత్రం చకచకా కదులుతోంది. గేటు దగ్గర ఫోన్ చూపించడం, నంబరు కొట్టడం, లోపలికి పోవడం. ఒక్క సెకను. తను చేసిన పనే. నిన్నమొన్నటి దాకా ఇది చూస్తే పొంగిపోయేది. ఇవాళ ఎడమ పక్క చూడాలంటేనే చూపు నిలవడం లేదు.

ల్యాప్‌టాప్ సంచీ చూసి ట్రాలీ నీడలోంచి ఒకామె లేచింది. యాభై అయిదేళ్ళుంటాయి, కొంగు నడుముకు చెక్కుకుని ఉంది.

"ఏమ్మా, కంప్యూటరోళ్ళు పంపిన మనిషివి నువ్వేనా?"

"అవును పెద్దమ్మా."

"అయితే ముందు ఈ చీటీ సూడు. నా పేరు నాగులమ్మ. ఆదివారం ఈడికే వచ్చి రాపిచ్చుకుని పోయినాను. మంగళారం సాయంత్రం కాయ తీసకరమ్మన్నారు. వచ్చినాను. వస్తే టోకెన్ లేదు పొమ్మంటా ఉండారు. కాగితం నా చేతిలో ఉండాది గదమ్మా, టోకెన్ యాడికి పోతాది?"

"చూస్తానుండు పెద్దమ్మా, లోపలికి పోయి కనుక్కుంటాను."

"లోపలికి పోయినోళ్ళు ఎవురూ తిరిగి రాలే. నువ్వన్నా ఈడ నిలబడి ఇను." నాగులమ్మ గొంతులో కోపం కూడా అలసిపోయి ఉంది. "మాకు ఉండేది ఇరవై చెట్లు. మా ఆయన పోయినాక నేనే నీళ్ళు మోసి నిలబెట్టినాను. ఈ ఏటికి నాకొచ్చిన కాపు ఈ ఒక్క ట్రాలీనే. మంగళారం పొద్దన కోసిన కాయ. ఈ పొద్దు దిగితే దిగినట్టు. రేపు గేటు తీసినా మెత్తబడిందని తిప్పి పంపుతారు. అదో, ఆ కాలవలో సూడు. నిన్న ఒకాయన పారబోసి ఏడ్సుకుంటా పోయినాడు."

లోకేశ్వరి కాలవ వైపు చూసింది. పచ్చగా, ఎర్రగా, నల్లగా కుప్ప. చూసి తల తిప్పుకుంది. ఏదో ఒకటి చేయాలి కాబట్టి చీటీ చేతిలోకి తీసుకుంది. నిన్నంతా పేర్లు ఫోన్లో విన్నదే గానీ చీటీ కంటితో చూడడం ఇదే మొదలు.

చెమటకు మెత్తబడిన చిన్న కాగితం. పైన టోకెన్ నంబరు. కింద తేదీ. దాని కింద, 'రైతు నంబరు: 1. స్వామి వారు, తిరుమల.' అన్నిటికంటే కింద, రిమార్కులు అన్న గడిలో, చిన్న అక్షరాల్లో, 'నాగులమ్మ, ఒక ట్రాక్టరు, ఫోన్ లేదు.'

లోకేశ్వరి చదివింది. మళ్ళీ చదివింది. ట్రాలీ చక్రాన్ని పట్టుకుని నిలబడింది.

తను తీసి పారేసిన పేరు అదే. రైతు నంబరు ఒకటి, స్వామి వారు, తిరుమల, ఫోన్ నంబరు పది తొమ్మిదులు. తిరుపతిలో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళు పరీక్షకు ఏ పేరు పెడతారు మరి, స్వామి పేరే పెడతారు! ఎవరో కుర్రవాళ్ళు పెట్టి మరిచిపోయారనుకుని నవ్వుకుంది కూడా. దాని కింద ఉన్న ముప్పై వేల టోకెన్లూ ఉత్తుత్తివే అనుకుంది. రిమార్కుల గడి తెరిచి చూసిందా? లేదు. తీసేముందు ఒక కాపీ పక్కన పెట్టుకోవాలని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేది తనే. మరి ఆ రోజు తను పెట్టుకుందా? అదీ లేదు. ఆ రోజు ఒళ్ళు అలిసి ఉంది, విజయ్ కుమార్ గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు, త్వరగా తెమిలితే చాలనుకుంది.

"ఏమైందమ్మా? అట్ల చెమటలు పోస్తా ఉండాయే?" అంది నాగులమ్మ. "కుసో ఒక్క నిమిసం. నీళ్ళు తాగుతావా?"

"వద్దు పెద్దమ్మా. నువ్వు నాతో లోపలికి రా. ఈ చీటీ తీసుకుని రా."

గేటు పక్కన రేకుల గది. ఒక టేబుల్, ఒక కంప్యూటరు, తిరగడానికి మొరాయించే ఫ్యాను. కుర్చీలో మునిరామయ్య. గోడకు ఆనుకుని నిలబడి చిన్నబ్బ. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా తను కూర్చున్న కుర్చీలో ఇప్పుడు మేనేజరు కూర్చుంటే ఎక్కడ నిలబడాలో తెలియనట్టు ఉన్నాడు. టేబుల్ మీద 'దొంగ చీటీలు నేనే పంచినాను' అని రాసి పెట్టిన కాగితం ఒకటి, దాని మీద పెన్ను.

"రండి మేడమ్, రండి" అన్నాడు మునిరామయ్య. "మీ కాగితం కోసమే చూస్తా ఉండా. ఈయన సంతకం పెట్టనంటా ఉండాడు. మీరు పెట్టేస్తే మాకు ఈయనతో పనే లేదు."

ల్యాప్‌టాప్ సంచీలో తను తెచ్చిన కాగితం ఉంది. రెండే రెండు వాక్యాలు. విజయ్ కుమార్ పొద్దున అలిపిరిలో మెట్లెక్కేముందు మెసేజ్ పెట్టాడు, సంతకం చేసి ఇచ్చేసి ఇంటికి పోయి పడుకో అని. ఆ 'పడుకో' అన్న మాట ఆమెకు ఎంత తియ్యగా ఉందో ఆమెకే తెలుసు. సంతకం పెట్టడానికి ఎంతసేపు? మూడు సెకన్లు. మధ్యాహ్నానికి తిరుపతి, ఇల్లు, మంచం. ఎవరూ ఏమీ అడగరు.

ఆమె సంచీ తెరవలేదు. చిన్నబ్బ వైపు తిరిగింది.

"చిన్నబ్బన్నా, మిషన్లో స్వామి వారు అని పేరు ఎక్కించింది ఎవరు?"

"నేనేమ్మా."

మునిరామయ్య టేబుల్ మీద చరిచాడు. "విన్నారు గదా! ఆయన నోటితోనే చెప్పినాడు. ఇంకేం కావల్ల?"

"ఆగండి సార్, ఆయన్ని పూర్తిగా చెప్పనీండి. ఎందుకు ఎక్కించినావన్నా?"

చిన్నబ్బ కళ్ళజోడు తీసి తుండుతో తుడుచుకున్నాడు. దొంగ అనిపించుకుని రెండు రోజులైంది, ఎందుకు అని అడిగిన మనిషి ఈమెనే మొదలు.

"సీజన్లో తొలి టోకెన్ సామికి గదమ్మా. ఈ ఫ్యాక్టరీ పెట్టినప్పట్నించీ ఉండేదే. పుస్తకాలుండేటప్పుడు మొదటి పేజీకి పసుపు పూసి సామి పేరు రాసేవాణ్ణి. తొలి బుట్ట కొండకు పంపించేవాళ్ళం. ఆరేండ్ల కిందట మీ కంప్యూటరు వచ్చింది. దానికి పసుపు యాడ పెట్టేది? పేరన్నా ఎక్కిస్తామని ఎక్కించినాను. అది ఫోన్ నంబరు అడిగింది. సామికి ఫోన్ యాడిదమ్మా? పది తొమ్మిదులు కొట్టినాను. తీసుకునింది."

"మరి వీళ్ళందరినీ స్వామి కింద ఎందుకు రాసినావు?"

"వీళ్ళకూ ఫోన్ లేదు గదమ్మా." ఇంతకంటే తేలిక సంగతి లోకంలో లేదన్నట్టు చెప్పాడు చిన్నబ్బ. "ఇంటికొకటి ఉంటే కొడుకు ఎత్తుకుని బెంగుళూరు పోయుంటాడు. నంబరు కొట్టకపోతే మీ మిషను పేరు తీసుకోదు, ఎర్రగా చూపిస్తాది. ఒకే నంబరు మీద ఇద్దర్ని కొడితే అదీ కుదరదంటాది. ఏం జేసేది? కాయ కోసుకుని వచ్చినోళ్ళను తిప్పి పంపేదా? సామి కింద రాసినాను. ఎవరిది ఏదో కింద రిమార్కుల్లో కొట్టినాను. ఆరేండ్లు ఇట్లనే నడిచింది. సామి కూడా ఏం అనలే."

"నాకు ఒక్క మాట చెప్పాల్సింది గదన్నా" అంది లోకేశ్వరి. అనకూడదని తెలిసే అంది.

చిన్నబ్బ తల దించుకుని నేల చూస్తూ అన్నాడు. "చెప్పినానమ్మా. మొదటేడే మీ ఆఫీసుకు ఫోన్ జేసినాను. ఫోన్ ల్యానోళ్ళను ఎట్ల ఎక్కించేదీ అని అడిగినాను. ఒకమ్మ ఎత్తింది. ఫోన్ లేని రైతు ఈ కాలంలో ఎవరుంటారు, నంబరు అడిగి కొట్టండి, అని పెట్టేసింది. ఎవురో ఏమో, నాకు తెల్దు."

తెల్దు అన్నాడు గానీ తెలుసని ఆ తల దించుకోవడంలోనే ఉంది. ఆరేళ్ళ కిందట ఆ ఫోనెత్తేది ఆఫీసులో తనొక్కతే. ఒక రైతుకు ఒక నంబరు, నంబరు లేనివాడు రైతు కాడు. ఆ నియమం తిరుపతిలో ఏసీ గదిలో కూర్చుని రాసిందీ తనే. రైతు పేరు తీసేస్తే అతని టోకెన్లన్నీ వాటంతట అవే పోవాలన్న ఇంకో నియమమూ తనదే. మనిషే లేకపోతే టోకెన్లెందుకని, శుభ్రంగా ఉంటుందని పెట్టింది. ఒక్క పేరు తీస్తే నాలుగు వందల పన్నెండు మంది అందుకే పోయారు, ఫోన్ ఉన్నవాళ్ళంతా మిగిలారు. ఆమెకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి.

"మునిరామయ్య సార్" అంది. "ఇవి దొంగ చీటీలు కాదు. చిన్నబ్బన్న ఏ తప్పూ చేయలేదు. మంగళవారం మధ్యాహ్నం ఆ స్వామి పేరును మిషన్లోంచి నేనే తీసేసినాను. ఈ టోకెన్లన్నీ దాంతోనే పోయినాయి. మిషన్ తొందరగా పనిచేయాలని చేసినాను. కింద మనుషులుండారని చూసుకోలేదు."

నాగులమ్మ చీటీ వైపు ఒకసారి, లోకేశ్వరి వైపు ఒకసారి చూసింది.

"నువ్వేనామ్మా?" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని లోకేశ్వరికి అనిపించింది.

మునిరామయ్య తల పట్టుకున్నాడు. "బలే చెప్పినారు మేడమ్! రెండు రోజులు ఈయన్ని అందరి ముందరా నిలబెట్టినాను నేను. ఇప్పుడొచ్చి నేనే అంటే నేనేం చేసేది? మీ నోటిమాట చాలదు నాకు. చీటీ అనేది ఎవడైనా అచ్చేసుకుంటాడు. మిషన్లో చూపించండి. నా కంటికి కనబడితే ఇప్పుడే ఆ ఎడమ వరుస గేటు తీపిస్తా. కనబడకపోతే మీ కాగితం మీద మీరో, ఈ కాగితం మీద ఆయనో సంతకం పెట్టాల్సిందే."

"చూపిస్తాను సార్."

ల్యాప్‌టాప్ తెరిచింది. ఇది తన చేతులకు తెలిసిన పని. ఏం చేస్తున్నావని చిన్నబ్బ అడిగితే కీలు నొక్కుతూనే చెప్పింది.

"ఈ మిషన్ ప్రతి నిమిషం తన దగ్గరుండేది ఎట్ల ఉన్నిందో దాచుకుంటాదన్నా. మంగళవారం పన్నెండూ తొమ్మిదికి ఎట్ల ఉన్నిందో అట్లనే పక్కన ఇంకో మిషన్ లేపొచ్చు. దాంట్లో స్వామి పేరుంటాది, మీరు కొట్టిన రిమార్కులుంటాయి. ఆడి నుంచి ఈడికి తెచ్చి పోస్తే అయిపోయింది."

"అంతేనా! అయితే బిరీన కానీమ్మా" అన్నాడు చిన్నబ్బ, మొహం విప్పారి.

"రెండు రోజులే దాచుకుంటాదన్నా. ముందు ఏడు రోజులుండేది. ఖర్చని మా సార్ తగ్గించమంటే పోయిన నెల నేనే తగ్గించినాను." గోడ గడియారం చూసింది. పదకొండూ పది. "ఈ పొద్దు పన్నెండు దాటి తొమ్మిది నిమిషాలకల్లా పని మొదలు పెట్టల్ల. అది దాటితే మంగళవారం నాటిది చెరిగిపోతాది. ఇంక ఎవరూ తేలేరు."

తేదీ కొట్టింది. సమయం కొట్టింది. కొత్త మిషన్ లేపే బటన్ నొక్కింది. తెర మీద ఆరు చిన్న గళ్ళు తెరుచుకున్నాయి. 'మీ సంస్థ యజమాని ఫోన్‌కు పంపిన ఆరు అంకెల కోడ్ ఇవ్వండి.'

ఇది విజయ్ కుమార్ పెట్టుకున్న కట్టుబాటు. ఆయనకు తెలియకుండా కొత్త మిషన్ ఒక్కటీ లేవకూడదు. లోకేశ్వరి ఆయనకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అంతే. మూడోసారి ఆయన భార్య జయంతి నంబరుకు చేసింది.

"స్పీకర్లో పెట్టండి" అన్నాడు మునిరామయ్య. పెట్టింది.

"ఎవురూ, లోకేశ్వరేనా?" జయంతి రొప్పుతోంది. వెనక గోవిందలు వినిపిస్తున్నాయి. "ఇప్పుడే గాలిగోపురం దాటినామే. నా మోకాళ్ళు అయిపోయినాయి. ఏం సంగతి?"

"సార్‌కు ఒక్కసారి ఇవ్వండక్కా. చాలా అర్జంటు."

కాసేపటికి విజయ్ కుమార్ గొంతు. "ఏం లోకేశ్వరీ? కాగితం ఇచ్చేసినావా?"

ఆమె అంతా చెప్పింది. స్వామి పేరు, ఫోన్ లేనివాళ్ళు, కాలవలో పారబోసిన కాయ, పన్నెండూ తొమ్మిది. ఎక్కడా తనను వెనకేసుకోలేదు. అవతల ఆయన రొప్పు వినిపించింది.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పినావా?" అన్నాడు చివరికి.

"ఈడ ఉండేవాళ్ళందరికీ చెప్పినాను సార్."

"తొందరపడినావు. ఇట్ల ఒప్పుకుంటే రేప్పొద్దన మనకు ఈ ఫ్యాక్టరీ ఉంటాదా? ఇంకో ఫ్యాక్టరీ వస్తాదా?"

"తరవాత నన్ను ఏమన్నా అనండి సార్, పడతాను. ఇప్పుడు మీ ఫోన్‌కు వచ్చిన కోడ్ చెప్పండి. ఆరు అంకెలు."

"ఫోన్ నా దగ్గర యాడుండాది?" గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "అలిపిరిలో లగేజీ ఇచ్చేటప్పుడు సంచీలో పెట్టి ఇచ్చేసినాను. పైకి పోయి సంచీ తీసుకున్నాక గానీ రాదు. ఒంటిగంట, ఒంటిన్నర అవతాది. అప్పుడు చెప్తాలే. నువ్వు కంగారు పడద్దు."

ఒంటిగంట! నాగులమ్మకు కోడ్ అంటే తెలియదు గానీ ఒంటిగంట అంటే తెలుసు. గోడ గడియారం వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నబ్బ మెల్లగా పోయి టేబుల్ మీది పెన్ను అందుకున్నాడు. తన సంతకంతో ఇది తెగేట్టుంటే తెగనీ అన్నట్టుంది ఆ మనిషి వాలకం.

"ఉండన్నా" అంది లోకేశ్వరి.

చివరి ఆశ అని కూడా కాదు, చేయడానికి ఇంకేమీ తోచక, తెర మీద 'కోడ్ మళ్ళీ పంపు' అన్న బటన్ నొక్కింది.

స్పీకర్లోంచి గుడిగంట వినిపించింది. మూడుసార్లు.

ఆఫీసులో రోజూ వినే మోతలాగే ఉంది. ఛీ, నడకదారి అది, ఏదో మంటపంలో గంట అయి ఉంటుంది. అలసిన బుర్ర ఏదైనా ఊహిస్తుంది. మళ్ళీ నొక్కాలంటే ముప్పై సెకన్లు ఆగాలి. ఆగింది. అవతల విజయ్ కుమార్ ఏదో చెబుతున్నాడు, స్వామి దయ వల్ల అన్నీ సర్దుకుంటాయని, ఆ గుమాస్తాకు తరవాత ఏదో ఒకటి చేద్దామని. ఆమె వినడం లేదు. ముప్పై లెక్కపెట్టి నొక్కింది.

గుడిగంట. మూడుసార్లు. ఈసారి చాలా దగ్గరగా, గుడ్డ అడ్డం ఉన్నట్టు.

మునిరామయ్య కుర్చీలో ముందుకు వంగాడు. "ఏంది మేడమ్ ఆ గంట?"

లోకేశ్వరి ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది. పదకొండేళ్ళలో విజయ్ కుమార్‌కు ఎదురు మాట్లాడింది లేదు. ఇప్పుడు మాట్లాడడానికి ధైర్యం కూడా అక్కర్లేకపోయింది, అలసటే చాలింది.

"సార్, నేను బటన్ నొక్కినప్పుడల్లా మీ జేబులో గంట మోగతా ఉండాది."

అవతల రొప్పు ఆగింది. గోవిందలు సాగుతూనే ఉన్నాయి. వాటి మధ్యలోంచి జయంతి గొంతు, ఫోన్‌కు కాస్త దూరంగా, స్పష్టంగా వినిపించింది.

"ఏమండీ, ఫోను సంచీలో పెట్టి ఇచ్చేసినానని గదా నాతో కూడా చెప్పినారు?"

లైను తెగిపోయింది. గోడ మీద పదకొండూ నలభై రెండు. తెర మీద ఆరు గళ్ళూ ఖాళీగానే ఉన్నాయి.